పాత రుమాలుకు కొత్త అంచు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, అల్మాస్‌గూడ)

సావనీరుకు ఏదైనా శాస్త్రీయ వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, కృష్ణబిలాల గురించో అణుశక్తి గురించో రాద్దామని ముందు అనుకున్నాను. లైబ్రరీలో రెండు సాయంత్రాలు కూర్చున్నాను కూడా. కాని పుస్తకంలో ఉన్నది ఇక్కడికి ఎత్తి రాయడం తప్ప అందులో నేను చేయగలిగిందేమీ కనిపించలేదు. అందుచేత ఈ ఎండాకాలం మా ఇంట్లో నా చేతులతో చేసిన ఒక చిన్న పని గురించి, అందులో దాగి ఉన్న రసాయన శాస్త్రం గురించి రాస్తున్నాను. ఆ పని మా తాత నెత్తికి చుట్టుకున్న పాత రుమాలును బాగుచేసి, దానికి అంచు వేయడం. మగపిల్లవాడు సూది పట్టడమేమిటని నవ్వే మిత్రులు నవ్వవచ్చు. మా వాడకట్టు వాళ్లు ఇప్పటికే నవ్వారు.

రుమాలు అంటే ఏది?

పట్నంలో రుమాలు అంటే జేబులో పెట్టుకునే దస్తీ అనుకుంటారు. మా వైపు రైతుల ఇళ్లలో రుమాలు అంటే తలపాగా. ఆరేడు మూరల నూలు గుడ్డ. అది ఎండకు గొడుగు, వానకు కప్పు, చెమటకు తువ్వాల, చెట్టు కింద మెత్త. కొత్తిమీర కట్టలు మూట కట్టడానికీ అదే. బావిలో చేద తాడు చాలకపోతే కొసకు ముడివేసేదీ అదే. మనిషి వేసుకునే బట్టల్లో ఇన్ని పనులు చేసేది ఇంకొకటి లేదేమో.

రుమాలు అనే మాటకు మన నేతలో చాలా గొప్ప చరిత్ర ఉంది. చీరాలలో పుట్టి, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేటికీ నేస్తున్న తేలియా రుమాలు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. నూలును నేయకముందే నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోను రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెడతారు. బూడిదలోని క్షారం నూనెతో కలిసి సబ్బు వంటి పదార్థమై పోగులోకి ఇంకుతుంది. దానివల్ల పోగు మెత్తబడుతుంది, ఎర్రరంగు గట్టిగా పట్టుకుంటుంది. నూనె వాసన వల్లనే తేలియా అనే పేరు వచ్చింది. ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఊరి నేతకారులు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చాయి.

మా తాతది అంత ఖరీదైన రుమాలు కాదు. సంతలో కొన్న తెల్ల నూలు రుమాలు. తెలుపు ఎప్పుడో పోయి మట్టి రంగుకు వచ్చింది. మడత పడే చోట పోగులు విడిపోయి, దీపం ముందు పట్టుకుంటే జల్లెడలా కనిపించేది. ఒక చెంగు జానెడు మేర పేలికలైంది.

ఎందుకు పూనుకున్నాను

మాది అల్మాస్‌గూడ. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీర్‌పేట మీదుగా వస్తే ఎక్కడ పట్నం అయిపోయి ఎక్కడ మా ఊరు మొదలైందో చెప్పడం కష్టం. 2018లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు వచ్చిన తరువాత మా చుట్టుపక్కల భూములకు ధరలే కాని పంటలు లేవు. మా తాత జొన్న వేసిన చెలకలో ఈనాడు నాలుగంతస్తుల ఇళ్లున్నాయి. మాకు మిగిలింది ఎకరంలోపు. అందులో నాయన పాలకూర, తోటకూర, కొత్తిమీర వేస్తాడు. తెల్లవారుజామున కట్టలు కట్టి సరూర్‌నగర్ రైతుబజారుకు చేరవేయడంలో నేనూ చేయి వేస్తాను. ఆ తరువాతే నాకు కాలేజీ.

తాత నిరుడు శ్రావణమాసంలో పోయాడు. ఆయన వస్తువులు అని చెప్పుకోవడానికి ఇంట్లో రెండే మిగిలాయి. ఒకటి ఈ రుమాలు. రెండవది ఆయన దున్నిన నాగలి కర్రు. కొట్టి కొట్టి, అరిగి అరిగి జానెడు ముక్కైంది.

ఉగాదికి ఇల్లు సర్దేటప్పుడు అమ్మ ఆ రుమాలును మసిగుడ్డలలో వేసింది. తప్పు అమ్మది కాదు, అది చూడడానికి అట్లాగే ఉంది. నాయనమ్మ చూసి తీసి మళ్లీ పెట్టెలో పెట్టుకుంది. ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పుడు నేనే అన్నాను, “నాయనమ్మా, దీన్ని మంచిగ చేసిస్త. తాత సంవత్సరికం నాటికి ఫోటో పక్కన పెడుదువు.” అన్న మాట నిలబెట్టుకోవలసి వచ్చింది. ఎలా చేయాలో అప్పటికి నాకేమీ తెలియదు.

మొదటి మెట్టు: ఉతకడం

ఏ పాత గుడ్డనైనా అలంకరించే ముందు శుభ్రం చేయాలి. చెమటలోని ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ ఉన్నచోట బూజు పడుతుంది. ఒంటి జిడ్డు గాలి తగిలి పాతబడి పసుపు మరకలవుతుంది. అటువంటి గుడ్డను పెట్టెలో దాచామంటే మనం దాచేది గుడ్డను కాదు, దాని చావును.

ఈ ఉపన్యాసమంతా నాయనమ్మకు ఇచ్చాను. ఆమె విని ఒకే మాట అన్నది.

“ఉతికితే మీ తాత వాసన పోతది గద బిడ్డా.”

దీనికి ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. వారం రోజులు రుమాలు పెట్టెలోనే ఉంది. చివరకు ఆమే ఉపాయం చెప్పింది. పేలికలైన చెంగును కత్తిరించమన్నది. అందులో ఒక ముక్కను ఉతకకుండానే మడిచి, తన వక్కల సంచిలో పెట్టుకున్నది. మిగిలిన పేలికలు నాకిచ్చి, “ముందుగాల వీటి మీద నీ చదువు చూపెట్టు, తర్వాత రుమాలు ముట్టు” అన్నది. మన ప్రాక్టికల్స్‌లో ముందు చిన్న పరిమాణంతో పరీక్షించి చూడమని చెబుతారు. మా నాయనమ్మ బడికి పోలేదు గాని, ఆ మాట ఆమె నోట వచ్చింది. ఆ పేలికలే తరువాత రుమాలును కాపాడాయి.

ఉతికే పద్ధతి ఇది. పాత నూలుకు బ్లీచింగ్ పౌడరు వాడరాదు. అది మరకతో పాటు పోగును కూడా తింటుంది. కుంకుడుకాయలు పది, పన్నెండు కొట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ నురుగు నీళ్లలో రుమాలును పూట సేపు ఉంచాను. కుంకుడులోని సాపోనిన్ అనే పదార్థం సబ్బు మాదిరిగానే జిడ్డును నీటిలోకి లాగుతుంది. బండ మీద బాదలేదు, మెలిపెట్టి పిండలేదు. తడిసిన పాత గుడ్డ తన బరువుకే చిరుగుతుంది కాబట్టి కింద ఒక దుప్పటి పరిచి, దానితో సహా ఎత్తి నీరు కార్చాను. మూడుసార్లు మంచినీళ్లలో జాడించి నీడలో ఆరబెట్టాను. మొదటిసారి వచ్చిన నీళ్లు ఎర్రమట్టి కుంటలా ఉన్నాయి. ఆ నీళ్లను నాయనమ్మ మోరీలో పోయనివ్వలేదు. జామచెట్టు మొదట్లో పోయించింది.

రెండవ మెట్టు: రఫు

చిరుగు మీద గట్టి కొత్త గుడ్డ ముక్క వేసి కుట్టడం మనకు అలవాటు. పాత గుడ్డకు అది మేలు చేయదు. లాగినప్పుడు కొత్త ముక్క సాగదు, పాతది ఓర్చుకోదు. బలమంతా రెండూ కలిసే గీత మీద పడి సరిగ్గా అక్కడే కొత్త చిరుగు మొదలవుతుంది. దీనికి మందు రఫు. గుడ్డలో పడుగు, పేక ఎట్లా ఒకదాని మీదుగా ఒకటి పోతాయో, అట్లాగే సూదితో మళ్లీ నేయడమన్న మాట.

మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, దారం గుడ్డ కంటే బలమైనది కారాదు. నేను పేలికల్లోంచే పోగులు లాగి వాడాను. రుమాలు పోగు రుమాలుకే పనికివచ్చింది. రెండవది, కుట్టు చిరుగు దగ్గరే ఆగకూడదు. చుట్టూ ఒక వేలు వెడల్పు గట్టి గుడ్డలోకి వెళ్లాలి, వరుసలన్నీ ఒకే గీత మీద ముగియకుండా హెచ్చుతగ్గులుగా ముగియాలి. అప్పుడు లాగుడు నాలుగు దిక్కులా పంచబడుతుంది. మూడవది, వరుస తిరిగే ప్రతిచోటా దారాన్ని బిగించకుండా నువ్వుగింజంత వదులు ఉంచాలి. ఉతికినప్పుడు దారం కుంచించుకుపోతే ఆ వదులే ఆదుకుంటుంది.

ఈ పని మా వీధి చివర బట్టలు కుట్టే పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. నా మొదటి రఫు చూసి ఆయన, “ఇది రఫు కాదు బాబూ, సాలెగూడు” అన్నారు. నాలుగోసారికి తల ఊపారు. మొత్తం పదకొండు చోట్ల రఫు చేయడానికి నాకు పద్దెనిమిది సాయంత్రాలు పట్టింది.

మూడవ మెట్టు: కర్రు నుంచి నలుపు

ఇక అలంకరణ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ అంగడికి పోయినా అద్దాలు, పూసలు, జరీ లేసు, అంటించే రాళ్లు దొరుకుతాయి. చూస్తే బాగానే ఉన్నాయి. కాని పలచని పాత గుడ్డకు అద్దాల బరువు చేటు, అంటించే జిగురు ఎండి గుడ్డను పెళుసుగా చేస్తుంది. అదిగాక, మెరిసే రాళ్లు వేసిన రుమాలు చూసి తాత ఏమనేవాడో నాకు బాగా తెలుసు.

అప్పుడు కలంకారీ గుర్తుకు వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లోను, అచ్చులతో అద్దే మచిలీపట్నం కలంకారీకి 2008లోను భౌగోళిక గుర్తింపు వచ్చింది. శ్రీకాళహస్తి కళాకారులు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. ఆ బట్టల మీద కనిపించే నల్లని గీత ఏ డబ్బాలోంచీ రాదు. కరక్కాయ, ఇనుము, బెల్లం ఈ మూడింటి కలయిక అది. ఇనుము అనగానే నాకు కర్రు గుర్తుకు వచ్చింది.

కసిమి: ఈ ఇనుప నీళ్లను కలంకారీ వాళ్లు కసిమి అంటారు. కర్రుకు అంటిన మన్ను కడిగి, కుండలో వేసి, పక్కన కొన్ని పాత మేకులు చేర్చి, లీటరు నీళ్లలో 100 గ్రాముల బెల్లం కరిగించి పోశాను. మూతి గుడ్డతో కట్టి 20 రోజులు నీడలో ఉంచాను. బెల్లం పులిసి ముందు ఆల్కహాలు అవుతుంది. దాని మీద బాక్టీరియా పనిచేసి ఎసిటిక్ ఆమ్లంగా, అనగా వినెగర్‌గా మారుస్తుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తే ఫెర్రస్ ఎసిటేట్ తయారవుతుంది. కుండ మూతి గట్టిగా బిగించకూడదు, లోపల వాయువులు పుడతాయి. ఆ కుండను మళ్లీ వంటకు వాడకూడదు. వాసన సంగతి చెప్పను. అమ్మ ఆ కుండను రెండుసార్లు గోడ బయట పెట్టించింది.

కరక్కాయ: మూలికల దుకాణంలో దొరుకుతుంది. గింజ తీసి దంచిన పొడి 100 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, పావులీటరు పచ్చి బర్రెపాలు పోసి, గుడ్డను ముంచి, సమంగా పిండి ఎండలో ఆరబెట్టాలి. గుడ్డ లేత పసుపు రంగుకు వస్తుంది. కరక్కాయలో టానిన్‌లు మెండుగా ఉంటాయి. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు పోగుల మీద పొరలా ఏర్పడి గీసిన గీతను పక్కకు పాకకుండా ఆపుతాయి. ఆవుపాల కన్న బర్రెపాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి అవే వాడతారు.

ఇక వెదురు పుల్ల కొన చెక్కి, కొనకు కాస్త పైన ఉన్నిగాని గుడ్డపేలిక గాని చుట్టి దారంతో కడితే కలం తయారు. చుట్టిన భాగం కసిమిని పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొన మీదికి దిగుతుంది. పసుపు గుడ్డ మీద గీసేటప్పుడు గీత వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చూస్తూ ఉండగానే నల్లబడుతుంది. ఫెర్రస్ లవణం టానిన్‌తో కలిసి, గాలిలోని ఆక్సిజన్ తగిలి, ఫెర్రిక్ టానేట్ అనే కరగని నల్లని పదార్థంగా మారుతుంది. కరగదు కనుకనే ఉతికినా పోదు. లాబ్‌లో పరీక్షనాళికలో ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు వేసి రంగు చూసి రికార్డులో రాసుకున్నవాళ్లమే మనమంతా. అదే చర్య గుడ్డ మీద జరగడం చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఇదే కరక్కాయ గుడ్డ మీద ఇనుముకు బదులు పటిక వాడి, చిరువేరుతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. ఆ ఎరుపులోని అలిజరిన్‌ను 1868లో గ్రేబ్, లీబర్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు కృత్రిమంగా తయారుచేశారు. ఆ తరువాత కారఖానా రంగు ముందు వేళ్ల రంగుకు గిరాకీ పడిపోయింది.

నేను చేసిన పొరపాటు

ఏప్రిల్ మొదటి వారంలో పేలిక మీద గీశాను. నల్లగా రావాలని ఒకే గీత మీద మూడుసార్లు కసిమి పూశాను. నలుపు పోతుందేమోనని సరిగా కడగలేదు. కాకులు ఎత్తుకుపోకుండా రాయి పెట్టి మేడ మీద వదిలి, కూరగాయల పనిలో, పరీక్షల పనిలో మరిచిపోయాను. మే చివరలో తీసి రెండు చేతులతో కొద్దిగా లాగి చూశాను. కత్తితో కోసినట్టు సరిగ్గా గీత వెంబడే చిరిగింది. పక్కనున్న గీత లేని భాగం మాత్రం చెక్కుచెదరలేదు.

ముందనుకున్నట్టుగా నేరుగా రుమాలు మీదనే గీసి ఉంటే ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ పేలిక పట్టుకుని మన కెమిస్ట్రీ లెక్చరర్ గారి దగ్గరకు పోయాను. ఆయన చెప్పింది ఇది. నూలు అంటే సెల్యులోజ్, గ్లూకోజ్ అణువులు గొలుసుగా పేర్చినట్టిది. గీతలో మిగిలిపోయిన ఆమ్లం ఆ గొలుసును తెంపుతుంది. టానిన్‌తో కలవకుండా మిగిలిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అదే పని ఇంకా వేగంగా చేయిస్తుంది. పూర్వం యూరప్‌లో ఇనుము, మాచికాయలతో చేసిన సిరాతో రాసిన పుస్తకాల్లో అక్షరాలున్న చోట కాగితం చిల్లులు పడటం ఈ కారణంగానే. పాత కలంకారీ బట్టల్లో కూడా నల్ల గీతలున్న చోటే ముందు శిథిలమవడం మ్యూజియం వాళ్లకు తెలిసిన విషయమే. అనగా, గుడ్డకు అందం ఇచ్చేదే గుడ్డను తింటుంది కూడా. నిదానంగా తినేటట్టు చేయడమే పనితనం. కలంకారీ వాళ్లు గుడ్డను పారే నీటిలో అన్నిసార్లు ఎందుకు ఉతుకుతారో ఆ రోజు నాకు అర్థమైంది.

నాలుగవ మెట్టు: అంచు

కనుక పాత గుడ్డ మీద ఒక్క చుక్క కసిమి కూడా వేయకూడదని నిశ్చయించుకున్నాను. గంజి పోయేదాకా ఉతికిన కొత్త నేత గుడ్డ నుంచి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు రెండు తీసి, కరక్కాయ పట్టించి, వాటి మీదనే గీశాను. ఈసారి కసిమిలో సగానికి సగం నీళ్లు కలిపాను, ఒక్కసారే గీశాను. ఒక రాత్రి ఆరనిచ్చి, మరునాడు నీళ్లు మార్చి మార్చి, తేటనీరు వచ్చేదాకా ఉతికాను. నలుపు కొంచెం తగ్గింది. తగ్గితే తగ్గనీ అనుకున్నాను. పట్టీ ముందే ఉతకడంలో ఇంకో లాభం ఉంది. కుంచించుకునేదేదో ముందే కుంచించుకుపోతుంది, కుట్టిన తరువాత రుమాలును ముడతలు పెట్టదు.

ఏమి గీయాలి? నెమళ్లు, హంసలు నా చేతికి రావు. పొడుగునా సాళ్ల మాదిరి మూడు గీతలు, వాటి మీద వరుసగా జొన్నకంకులు గీశాను. నాయనమ్మ దగ్గర పెట్టుకుని చూసి, “ఇదేం కంకి రా, పిట్టలు తిన్నట్టుంది. గింజ నిండుగుండాలె” అన్నది. నేను జొన్న చేను చూసిన గుర్తు కూడా సరిగా లేదు. ఆమె వేలితో నేల మీద గీసి చూపించింది. రెండవ పట్టీ మీది కంకులు ఆమె చెప్పినట్టు వేశాను. మొదటి పట్టీ కూడా పారేయలేదు. అందుచేత ఆ రుమాలుకు ఒక కొసన పిట్టలు తిన్న కంకులు, రెండవ కొసన నిండు కంకులు ఉన్నాయి.

పట్టీని రుమాలు చెంగుకు ముందు కచ్చాకుట్టు వేసి, తరువాత పోగు మీద పోగు పట్టేటట్టు వదులు వదులుగా చేతికుట్టు వేశాను. మిషను కుట్టు సన్నని చిల్లుల వరుస వేసి పాత గుడ్డను బలహీనపరుస్తుంది కాబట్టి వాడలేదు. పట్టీ బరువు ఒక్క గీత మీద పడకుండా, చెంగు లోపలివైపుకు రెండు అంగుళాల దాకా సన్నటి పరుగుకుట్టు మూడు వరుసలు వేశాను. రేపెప్పుడైనా నలుపు పట్టీని తినివేస్తే, దారం కోసి పట్టీ మార్చుకోవచ్చు. రుమాలుకు ఏమీ కాదు. మొత్తం ఖర్చు రెండు వందల రూపాయల లోపు.

ముగింపు

సంవత్సరికం నాడు చుట్టాలందరూ వచ్చారు. ఫోటో పక్కన రుమాలు చూసి కొందరు బాగుందన్నారు. మా పెద్దనాయన మాత్రం, “మా నాయిన రుమాలుకు పూలంచు ఎన్నడుండె?” అని ముఖం చిట్లించాడు. ఆయన అన్నది నిజమే. నేను చేసింది తాత రుమాలును ఉన్నదున్నట్టు ఉంచడం కాదు, మార్చడమే. ముట్టకుండా ఉంచితే మట్టయ్యేది, ముట్టుకుంటే మారింది. ఈ రెండింటిలో ఏది సరి అన్నది నాకిప్పటికీ పూర్తిగా తేలలేదు. నాయనమ్మ పెద్దనాయనకు జవాబు చెప్పలేదు. రుమాలు కొస పట్టుకుని, “ఈ నలుపు మీ నాయిన కర్రుదేరా” అని చూపించింది. ఆయన చాలాసేపు ఆ కొసను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మిత్రులారా, మీ ఇళ్లలోనూ ఇటువంటి గుడ్డ ఒకటి ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండే ఉంటుంది. తాత కండువా కావచ్చు, అమ్మమ్మ చేతిసంచి కావచ్చు, నాన్న చిన్నప్పటి మఫ్లరు కావచ్చు. దాన్ని బాగుచేయాలనిపిస్తే మూడు మాటలు మరవవద్దు. ముందు పేలిక మీద చేసి చూడండి, కనీసం నెల ఆగి లాగి చూడండి. కొత్తది పాతదాని కంటే బలమైనది కాకుండా చూడండి. మీరు చేసింది రేపు ఇంకొకరు విప్పుకునేటట్టు చేయండి.

ఇంకొక్క మాట. ఉతికే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లకు ఒక ముక్క మిగల్చండి.